అభ్యంతర పత్రం

గట్టు దిగితే మా పల్లం.
సర్జాపురం బస్సు మమ్మల్ని దించేసి
మలుపు తిరిగే చోట మొదలు:
రాగి చేలు, మల్బరీ, నడుమ సన్నటి వంక.
వాళ్ళ మ్యాపులో దీని పేరు 'రెండో దశ'.

మార్గశిరంలో ఒక రాత్రి
ఎవరో వచ్చి రాళ్ళు పాతిపోయారు.
తెల్లారి చూస్తే ప్రతి రాతికీ ఎర్ర రంగు, ఒక అంకె.
పిళ్ళమ్మత్త ఏమీ అనలేదు.
నలభై ఒకటో నంబరుకి మేకను కట్టి
"గుంజ బాగుంది, దుడ్డు ఖర్చు లేకుండా" అంది.

తర్వాతే భయం వేసింది మాకు.

బడిలో, ఐదో తరగతి బల్లల మీద
మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని రాశాం.
ముప్పై రోజుల గడువులో అప్పటికే పంతొమ్మిది పోయాయి.
కాగితం కన్నడం, ఏడుపు తెలుగు.
నేను చెప్పేది మునిరత్నం కూతురు హంస
ఆ భాషలోకి దించుతూ మధ్యలో ఆగింది,
"వంకకి ఏం రాయను మామా?"
హళ్ళ అని రాసి కొట్టేసింది. తొరె అని రాసి కొట్టేసింది.
చివరికి వంకనే రాసింది.

'నష్టపోవు ఆస్తి' అన్న గడి
రెండు వేళ్ళ వెడల్పు.
చిన్నపయ్య బావి రాశాడు, మోటారు రాశాడు,
బోరు ఎండిందని వద్దన్నా రాశాడు.
ఎవరో గువ్వల్ని రాశారు, సంతకం పెట్టలేదు.
నేను మా నాయన సమాధి రాసి
విస్తీర్ణం దగ్గర ఆగిపోయాను.

ఒక శనివారం పదహారంతస్తుల వాళ్ళూ వచ్చారు,
టోపీలు పెట్టుకుని.
నమ్మబుద్ధి కాలేదు. వాళ్ళ కార్ల కిందే
మా పాత చెరువు తూము ఉంది.
ఒకావిడ ట్యాంకరు బిల్లుల కట్ట తెచ్చి
మా కాగితాల పక్కన పెట్టింది.
టీ తాగి, గ్లాసు తనే కడిగింది.

విచారణలో మనిషికి మూడు నిమిషాలు.
"పోయిన వానల్లో మీ రింగురోడ్డు మీద
నడుము లోతు నీళ్ళంట కదా నాయనా,
అవి ఎవరివనుకున్నావు?" అంది పిళ్ళమ్మత్త.
"మా వంకవే. దారి మూసేస్తిరి,
మీ గడపల్లోకొచ్చి అడ్రసు అడుగుతా ఉండాయి."
అధికారి నవ్వాడు. రాసుకోలేదు.
పక్కన గుమాస్తా రాసుకున్నాడు.

రెండు వందల పన్నెండు కాగితాలకీ
ఒకటే ముద్ర: స్వీకరిసలాగిదె.
"అంటే ఏమైనట్టు?" అని హంసను అడిగాను.
"తీసుకున్నారు" అంది.
కాసేపాగి, "విన్నారని కాదు మామా."

ఇప్పుడు వంతులేసుకుని వంక గట్టున పడుకుంటున్నాం.
ఈ రాత్రి నాదీ చిన్నపయ్యదీ.
ఏవో లైట్లు గట్టెక్కుతుంటే
ఇద్దరం లేచి నిలబడ్డాం.
పాల వ్యాను.
మళ్ళీ కూర్చున్నాం గాని
బీడీకీ అగ్గిపుల్లకీ చాలాసేపు కుదరలేదు.
కింద చీకట్లో, నలభై ఒకటో నంబరు దగ్గర
మేక నెమరేస్తోంది.