ణ

ఉజ్వల్ అన్న పేరు హైమ ఏడో నెలలనే ఖాయం చేసింది,
సుల్తాన్ బజార్ దవాఖాన లైన్ల నిలబడి.
నేను కాదనలే.
ఇరవై రెండేండ్ల సంది కాచిగూడల బోర్డులు రాసేటోణ్ని,
పేరును చెవితోటి కాదు, కుంచెతోటి వింట.

ఉ సుతారంగ వొంపు తిరుగుతది.
జ కింద వ ఒత్తు,
నిచ్చెన కదలకుండ పట్టుకున్న పిల్లగాని లెక్క.
ఆఖరుకు ల్.
అక్కడ పొల్లు పడంగనే తలుపు ధన్‌మని మూసుకుంటది.
ఇప్పటి పోరగాండ్ల పేర్లన్నీ గింతే.
మా తాతల పేర్లు వాకిలి తీసే ఉంటుండె.
ఎల్లయ్యా అని పిలిస్తే
ఆ ఆఖరి ఆ గల్లీ మలుపు దాక పోయి
మనిషిని తోల్కొచ్చేది.

వార్డు ఆఫీసు ఫారంల మూడు గళ్లు.
మొదటిది నిండింది.
చివరిది, గుండేటి, వాడు పుట్టకముందే నిండింది.
నడిమిది తెల్లగ ఉన్నది,
ప్రైమర్ కొట్టి ఆరబెట్టిన రేకు తీరు.

అత్తమ్మ సాయి అన్నది.
మా గల్లీల తొమ్మిది మంది సాయిలు,
ఒకణ్ని పిలిస్తే ముగ్గురు బాల్కనీలకొస్తరు.
బామ్మర్ది ఫోన్ల వెతికి ఆర్యన్ అన్నడు.
ఉజ్వల్ ఆర్యన్: రెండు తలుపులు, రెండు గొళ్లాలు.
పొడుగు మాత్రం వద్దు, అన్నది హైమ,
పరీక్ష కాయితం మీద గుండ్రాలు దిద్దలేక
ఏడుస్తడు పిల్లగాడు.

అయ్యగారు పంచాంగం తిప్పి
హస్త, మూడో పాదం అన్నడు. అక్షరం ణ.
ఇంట్ల అందరు నవ్విండ్రు.
ణ తోటి ఏ పేరు మొదలైతదయ్యా?
న పెట్టుకోండి, నడుస్తది,
అన్నడు ఆయన గూడ నవ్వుకుంట.

నాకు నవ్వు రాలే.
న వేరు, ణ వేరు.
ణ అనాలంటే నాలుక ఎనకకు మడవాలె.
అది ఏ బోర్డుకూ ముందు నిలబడదు,
ఎప్పుడూ ఎవరో ఒకరి ఎనక,
మందిల నడుమ.

నడుస్తది అన్న మాట నేనూ ఒకసారి అన్న.
అమ్మకు చదువు రాదు.
ఉస్తాద్ దుకాణంల పాత బోర్డులు
గరుకు కాయితంతోటి గీకుతుండె.
మంది పేర్లు పొడి పొడయి
ఆమె కనుబొమ్మల మీద పడుతుండె.
కొత్త రేషన్ కార్డు నా ముందర పెట్టి
సరిగ్గనే ఉన్నదా బిడ్డా, అన్నది.
మానిక్యమ్మ అని ఉన్నది.
తప్పు కండ్లకు కొట్టొచ్చింది.
మళ్ల లైన్ల నిలబడాలెనని
సరిగ్గనే ఉన్నదే, నడుస్తది, అన్న.
పింఛన్ పుస్తకంల అదే తప్పు, బ్యాంకుల అదే తప్పు.
పోయిన ఏడు దవాఖానోళ్లిచ్చిన
ఆఖరి కాయితం మీద గూడ అదే.
ఊరందరి పేర్లు రాసిన.
ఆమెది ఒక్క తీరు రాయలే.

రాత్రి అందరు పండుకున్నంక
ఎర్ర ఎనామిల్ డబ్బా మూత లేపిన.
ఫ్లెక్సీలొచ్చినంక ఆ డబ్బా అడుగంటుడు మానేసింది.
రేకు ముక్క మీద రాసి చూసిన:
ఉజ్వల్ మాణిక్య గుండేటి.

ల్ కాడ మూసుకున్న తలుపు
మా కాడ తెరుసుకున్నది.
ణ మీద గుడి పెడుతుంటె చెయ్యి వణికింది.
వణికింది.
గీ మాటల గూడ అది నడిమిట్లనే ఉన్నది, సూడు.

హైమ లేచొచ్చింది.
పసిపిల్లగాడున్న ఇంట్ల ఈ రంగు వాసనేంది, అని కసిరి
కిటికీ తెరిచింది.
రేకు దిక్కు శానాసేపు చూసి
పెదవులతోటి రెండు మార్లు అనుకున్నది.
క్య రాసుడు కష్టమైతది వానికి, అన్నది.

కష్టమే.
ఇంక ఆరలే, ముట్టకు, అన్న.