కొమ్ము

ఒంగోలు నుంచి వచ్చిన సర్క్యులర్‌లో
ఒక బొమ్మ, దాని మీద ఎర్ర గీతలు,
కింద పది తొంభై ఎనిమిది.
హెడ్మాస్టారు మడిచి నా చేతిలో పెట్టి
"చేతులు కడుక్కునే పాఠంలో కలిపి కానిచ్చెయ్యండి మేడం,
ఎక్కువ సాగదీయకండి" అన్నారు.
సైన్సు మేడం సెలవు. అందుకని తెలుగు పంతులమ్మ.

శనివారం, ఆఖరి పీరియడు, ఆరో తరగతి బీ.
చీమకుర్తి రాతిదుమ్ము కిటికీ చువ్వల మీద,
పిల్లల కనురెప్పల మీద.
బొమ్మ గీశాను.
వెనక బెంచీలు కిసుక్కుమన్నాయి.
ఎర్ర సుద్ద విరిగింది.

నాకొచ్చింది వ్యాకరణమే.
బొమ్మ తుడిచేసి ఒక్క మాట రాశాను: వద్దు.
ఒకప్పుడు ఇది "వలదు",
నోళ్లలో అరిగి అరిగి గులకరాయైంది.
దీనికి లింగం లేదు, వచనం లేదు.
తమ్ముడితో అన్నా తాతతో అన్నా
ఒక్క అక్షరం మారదు.

"క్వారీలో తూటా పేల్చే ముందు ఏం చేస్తారు?"
ఇది పాఠం కాదు, వాళ్ల బతుకు. గదంతా ఒకటే కేక:
"సైరన్ టీచర్! ఎర్ర జెండా!
ఓనరైనా సరే పరిగెత్తాల్సిందే!"
మీ ఒంటిలోనూ ఒక సైరనుంది, అన్నాను.
కడుపులో తిప్పుతుంది, గొంతెండుకుపోతుంది.
అది మోగితే ఎదురుగా ఉన్నది
మామా, మాస్టారా, ఆటో అన్నా అని చూడొద్దు.
"ఎవరికీ చెప్పబాక" అన్నారా,
అంతకు మించిన సైరను లేదు.

నవ్వులు ఆగినయి.
మూడో వరసలో ఏసుమణి లేచి
గౌను అంచు నలుపుకుంటా అడిగింది:
"పెద్దోళ్లయితే 'వద్దండి' అనాల్నా టీచర్?"

పొదిలి. ట్యూషను. వసారా.
రెండు జడల పిల్ల మర్యాదగా,
చాలా మర్యాదగా, "వద్దండి" అంది.
ఆ "అండి"లో ఆయనకు కాస్త చోటు దొరికింది.
ఇంటికొచ్చి చెప్పబోతే
కందిపప్పు చెరుగుతా అమ్మ
"చదువు చెప్పే ఆయన్ని అట్టా అనగూడదు" అంది.
మిగతా మాటలు చేట చప్పుడులో పోయినయి.
ఇరవై ఏడేళ్లు.

సుద్దముక్క వెతుక్కున్నాను.
వద్దు, కూడిక గుర్తు, అండి.
"ఏ సంధి?"
"ఉత్వ సంధి!"
"ఏం పోయింది?"
ఏసుమణి బల్లకేసి చాలాసేపు చూసింది.
"కొమ్ము పోయింది టీచర్."

ఒంగోలు ఎడ్లను చూసిన పిల్లలకి
కొమ్మెందుకో నేను చెప్పాలా.
అన్నిటికీ అండి తగిలించండి, అన్నాను,
అన్నానికి, నీళ్లకి, నమస్కారానికి.
ఈ ఒక్క మాటకీ అక్కర్లేదు.
నోరు పెగల్లేదనుకోండి, అప్పుడూ తప్పు మీది కాదు.
తర్వాత చెప్పండి. ఒకరు వినకపోతే ఇంకొకరికి,
వినేవాళ్లు దొరికిందాకా.
నా గొంతు నాకే కొత్తగా ఉంది.

గంట కొట్టారు. గది ఖాళీ అయింది,
ఒక్క ఖాజావలి తప్ప.
వాడు సంచీలో పుస్తకాలు పెడతన్నాడు,
తీస్తన్నాడు, మళ్లీ పెడతన్నాడు.
కింద పరిచిన గ్రానైటు ముక్కలో
పసుపు చుక్కలు లెక్కపెడతన్నట్టు
తల ఎత్తకుండా అన్నాడు:
"లింగం లేదన్నారు గదా టీచర్.
మగపిల్లోళ్లు అన్నా అదే మాటా?"

"అదే మాట నాయనా."

చిన్న బెంచీ. మోకాళ్లు పట్టలేదు.
అయినా వాడి పక్కనే కూర్చున్నాను.
గేటు దగ్గర నాలుగున్నర ఒంగోలు బస్సు
రెండుసార్లు హారను కొట్టింది.
పోనీ.