ఎడమ చెంప

మా బడి పొద్దుగూకాకే తెరుస్తాం.
గొర్రెలు దొడ్డికి చేరాలి, దడికి రాయి అడ్డం పడాలి,
అప్పుడు వస్తారు పిల్లలు,
భుజాన పిన్నీసు గుచ్చిన కంబళ్లతో, తడి ఉన్ని వాసనతో,
తొమ్మిదేళ్లవాడూ మీసం మొలిచినవాడూ ఒకే బెంచీ మీదికి.
కుక్కలు గుమ్మం బయటే ఆగిపోతాయి.
లెసోతో కొండల్లో చలికాలమంటే
సుద్దముక్క కూడా వేళ్లని కరుస్తుంది.

ఆ రాత్రి పాఠం: చంద్రుడు ఎందుకు తరిగి పెరుగుతాడు.
కిరసనాయిలు లాంతరు సూర్యుడు.
మొలూపె తల భూమి.
వాడి చేతిలో పుల్లకి గుచ్చిన బంగాళదుంప.
"లాంతరుకేసి చూడు. దుంప నల్లగా ఉందా? అది అమావాస్య.
ఇప్పుడు ఎడమకి తిరుగు, మెల్లగా" అన్నాను,
పుస్తకంలో బాణం గుర్తు ఎటుంటే అటు.
దుంప కుడి అంచున సన్నటి వెలుగు గీత.
"అదిగో నెలవంక!"

మొలూపె దుంపని చూశాడు. నన్ను చూశాడు.
"కాదు మ్మే" అన్నాడు.
"నిన్న సాయంత్రం మంద తోలుకొస్తూ చూశాను.
వెలుగు ఎడమ చెంప మీదుంది."

పుస్తకం తెరిచాను. రంగుల బొమ్మ, నున్నటి కాగితం.
కుడి చెంపే.
నాకు ముప్పై నాలుగేళ్లు.
ఆ బొమ్మే వేసి పాసయ్యాను, ఆ బొమ్మే వేయించి పాస్ చేశాను.
ఒక్కనాడైనా బయటికెళ్లి పోల్చి చూశానా?
"పదండి" అన్నాను.

పడమటి గట్టు మీద ఇంకా దిగలేదు.
ఎడమ చెంప.
ఇరవై చూపుడువేళ్లు ఆకాశం వైపు లేచాయి,
ఒక్కటీ నా వైపు తిరగలేదు. అది వాళ్ల మర్యాద.

ఆ బొమ్మ గీసినవాడు భూమి అవతలి సగాన
ఏ కిటికీ పక్కనో కూర్చుని గీసుంటాడు.
అక్కడ అది నిజమే.
వాడికి మేం తలకిందులు, మాకు వాడు.
పెన్సిల్ తీసి బొమ్మ పక్కన రాసుకున్నాను:
ఇక్కడ, ఎడమ.

లోపలికొచ్చి మొలూపెని ఈసారి కుడికి తిప్పాను.
వాడు నవ్వలేదు.
లెక్క తప్పిన మంద మళ్లీ సరిపోయినప్పటిలా తలాడించాడు, అంతే.

వీపు లాంతరు వైపుకి వచ్చేసరికి
వాడి తల నీడ దుంపని మింగేసింది.
"గ్రహణం!" నేను అనకముందే అరిచారు.
గోడకి ఆనుకున్న సెఖోబె మాత్రం
"అలాగైతే నెల నెలా పట్టాలి కదా?" అన్నాడు.
"ఏడేళ్లుగా పున్నమి రాత్రులన్నీ మందతో ఆరుబయటే.
నా కంట పడ్డవి రెండంటే రెండు."

దీనికి పుస్తకంలో బొమ్మే లేదు.
వాడి గడ్డి టోపీనే వాడి నెత్తిన పెట్టి
ఒక పక్కకి ఒరిగించాను.
నుదుటి చుట్టూ సమంగా ఉన్ని తాడు కట్టాను.
"తాడు సూర్యుడి దారి. టోపీ అంచు చంద్రుడి దారి.
రెండూ ఎక్కడ కలుస్తాయి?"
వేలితో చుట్టూ తడుముకున్నాడు. "ఇక్కడ. ఇదిగో, ఇక్కడ."
"పున్నమి ఆ చోట పడితేనే నీడ తగిలేది.
మిగతా నెలల్లో పైనుంచో కిందనుంచో తప్పుకుంటాడు."
"దడికి రెండు కంతలన్నమాట.
నక్క రోజూ తిరుగుతుంది,
కంత దొరికిన రాత్రే గొర్రె పోతుంది."
బోర్డు మీది నా వాక్యం చెరిపేసి వాడిది రాశాను.

అప్పుడొచ్చాడు తియెహో.
ఆ పేరుకి మా భాషలో ఆలస్యమని అర్థం,
వాళ్లమ్మ నెలలు దాటి మోసిందట.
మోకాళ్ల దాకా మంచు. చూలు గొర్రె ఒకటి కనబడలేదు.
అప్పటికే చంద్రుణ్ణి కుండలో వేసి ఉడికించేశాం.
ఉప్పు లేదు. తలా గోరంత ముక్క.
లాంతరు, చెంప, టోపీ, నక్క,
అందరూ ఒకేసారి వాడికి పాఠం చెప్పారు.
ముక్క నములుతూ అంతా విన్నాడు.
"ఇంతకీ మ్మే, రేపు వెన్నెల ఎంతసేపు?"
"ఇవాళ్టి మీద ఇంచుమించు ముప్పావు గంట ఎక్కువ."
"చాలు" అని కంబళి బిగించుకున్నాడు.
"పై లోయ ఇంకా వెతకలేదు."

బయట వాడి కుక్క లేచి ఒళ్లు దులుపుకుంది.