గోడ అవతల పదమూడో ఎక్కం

పూర్ణా మార్కెట్ వెనక సందులో
హకీముద్దీన్ సాహెబ్ దుకాణం.
మెట్ల మీద ఎప్పుడూ బొగ్గు దుమ్మే.
తుడిచిన గంటకల్లా పోర్టు మళ్ళీ పంపిస్తుంది.

నా సంచిలో కొత్త మాగ్నమ్ రివాల్వరు,
తువ్వాలులో చుట్టి, పైన రెండు కొత్తిమీర కట్టలు.
రొయ్యల వేలం డబ్బు
హార్బరు నుంచి ఇంటికి మోసుకొచ్చే ఆడదాన్ని.
మొన్న కార్తీకంలో తలుపు గొళ్ళెం పక్కన
గునపం గీసిన గీత చూశాను.
అప్పట్నించీ నిద్ర
అప్పుగా అడిగినా పుట్టడం లేదు.

తూటాలు కొనడం చేపలు కొనడంలాంటిదే అనుకున్నాను,
బరువైంది, మెరిసేది, బేరం తెగింది.

సాహెబ్ బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి
నాలుగింటిని నిలబెట్టాడు.
ఒకటి బోడితల సీసం.
ఒకటి రాగి చొక్కా తొడుక్కుంది.
ఒకదానికి ముక్కు చెక్కేశారు.
నాలుగోది గూట్లో పిట్టపిల్లలా నోరు తెరుచుకుని ఉంది.
"ఇది చూడ్డానికే, రావడం మానేసి ఏళ్ళయింది" అన్నాడు.

"అన్నిటికన్నా గట్టిది ఇవ్వండి."

ఆయన కళ్ళజోడు తీసి అంచుతో తుడుచుకున్నాడు.
"ఎంత దూరం, నూకరత్నమ్మా?"
"మంచం నుంచి తలుపుకి. అడుగులేసి కొలిచాను. పదకొండు."
"తలుపు అవతల?"
"వరండా."
"వరండా అవతల?"
"గోడ."
"గోడ అవతల?"

నాకు గొంతు పట్టేసింది.
గోడ అవతల దాలినాయుడి ఇల్లు,
షిప్‌యార్డులో వెల్డింగు చేస్తాడు, రాత్రి డ్యూటీలెక్కువ.
ఆ గోడకి తల ఆనించి వాళ్ళ గుంట పడుకుంటుంది.
నాలుగంగుళాల ఇటుక గోడ,
సిమెంటులో ఇసక ఎక్కువ కలిపాడని
మేస్త్రీతో గొడవ పడింది నేనే.
గుంట రోజూ పదమూడో ఎక్కం దగ్గర ఆగుతుంది,
పదమూడేడ్లు... పదమూడేడ్లు...
ఇటు నుంచి నేను వేళ్ళతో గోడ కొడతాను,
తొమ్మిది దెబ్బలు, కాస్త ఆగి ఇంకొకటి.

"గట్టిది ఎక్కడిదాకా పోతుందని అందరూ అడుగుతారు" అన్నాడు సాహెబ్.
"ఎక్కడ ఆగుతుందని అడిగినవాళ్ళకే అమ్మాలని నాకుంది.
దుకాణం అద్దె ఊరుకోదు కదా."

అద్దం మీద ఈగ నడుస్తోంది.
బయట ఎవరో కొబ్బరిబొండాల బండి వెనక్కి తీస్తున్నారు.
చివరికి చెయ్యి మందు తక్కువ పోసిన రకం మీదికి పోయింది.
అది కూడా గోడకి లొంగుతుందని ఆయన హామీ ఇవ్వలేదు,
నేనూ అడగలేదు.
పన్నెండు లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, సంతకం పెట్టించి
"కాల్చిన డొల్లలు పారేయకు, మళ్ళీ కొనాలంటే అవి చూపించాలి.
సముద్రపు గాలి ఇత్తడిని తింటుంది.
పచ్చగా చిలుము కనబడితే వాడకు" అన్నాడు.
పచ్చటి చిలుము నాకు తెలుసు,
మా లంగరు గొలుసుల్లో పుట్టేదీ అదే.

ఆ రాత్రి తూటాలు డబ్బాలోనే ఉన్నాయి.
మంచం లాగాను.
ఒక కోడు పగిలింది, ఇటుక ముక్క పెట్టాను.
వంటింటి వైపు మూలకి చేర్చి
తలుపు వైపు చెయ్యి చాచి గురి చూస్తే
చూపు వరండా దాటి
కొండ తొలిచిన చోట నల్లరాయికి తగిలి ఆగింది.
ఆ రాయికి అవతల ఎవరూ లేరు.
వానకి కారే నీళ్ళు, రెండు తొండలు.
పదకొండడుగులు పధ్నాలుగయ్యాయి.

నడుం నొప్పి. చెమట.
రివాల్వరు బీరువాలో, తాళంచెవి మెడలో.
గీత పడ్డ గొళ్ళెం రేపు మార్పించాలి,
దానికి ముందే ఎందుకు వెళ్ళలేదో
నన్ను నేను అడగాలి.

మంచం దూరమైంది కాబట్టి
గోడ దగ్గరికి లేచి వెళ్ళాల్సి వచ్చింది.

పదమూడేడ్లు...

ఈసారి కొట్టలేదు.
నోటితోనే చెప్పాను.
అటువైపు కాసేపు ఏ చప్పుడూ లేదు,
తర్వాత ఆ పిల్ల నవ్వింది.