ఇరవై ఏడో మోకాలు

ఆసుపత్రి నేలమాళిగలో మా గది.
కిటికీ లేదు. ఉన్నా, నవంబరు చివర్లో
ట్రోమ్సోలో దానికి పెద్ద పనుండదు.
సూర్యుడు రెండు నెలలు సెలవు పెడతాడు.
మేం ట్యూబులైట్ల కింద మోకాళ్లు కొలుస్తాం.

అరవై మంది. అందరికీ తెగింది ఒకే లిగమెంటు.
అందరికీ తొడ వెనక స్నాయువు తీసి
మోకాల్లో తాడులా బిగించారు.
చీటీలు తీసి సగం మందిని ఒక వ్యాయామానికి,
సగం మందిని ఇంకోదానికి పంపాం.
ఏది మేలో మాకు తెలియదు.
ఆ తెలియకపోవడానికే మాకు జీతం.

మా పెద్దాయన హాల్వర్‌ది నున్నటి గుండు.
మోకాలికీ బోడిగుండుకీ ముడి పడుతుందో లేదో
లెక్కగట్టి చెప్పడమే ఆయన ఉద్యోగం.

మారెత్ ఇరవై ఏడో నంబరు.
పందొమ్మిదేళ్లు, ఎడమ మోకాలు, ఫుట్‌బాల్.
ఎవరూ తగల్లేదు. బంతి కూడా దూరంగానే ఉంది.
ఉన్నచోటే గిర్రున తిరగబోయింది,
పాదం మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది.
"ఎండుకొమ్మ చప్పుడు కాదు, పచ్చికొమ్మది.
అవతలి గోల్‌కీపర్‌కి కూడా వినబడింది."

రెండో వారం.
మడమ కింద తువ్వాలు చుట్ట.
మోకాలిని మంచానికేసి నొక్కమంటాను.
తొడని పిలుస్తుంది, పలకదు.
అద్దెకి దిగినవాళ్లని చూసినట్టు
తన కాలిని తనే చూసుకుంటుంది.
పదకొండో రోజు
నీళ్లడుగున చేప మళ్లినట్టు
చర్మం కింద ఒక్క కదలిక.
ఇద్దరం చూశాం. ఎవరం ఏమీ అనలేదు.
నేను తేదీ రాసుకున్నాను.

ప్రశ్నపత్రంలో ఏడో ప్రశ్న:
మీ మోకాలి మీద మీకు నమ్మకమెంత?
సున్నా నుంచి వందలోపు వేయండి.
ఎనిమిది వేసి, కొట్టేసి, తలెత్తి అడిగింది:
"గడ్డి మీదా, మంచు మీదా?"
దానికి మా దగ్గర గడి లేదు.

పద్దెనిమిదో వారం, ఒంటికాలి గెంతు.
ఎగరడం ఎవరికైనా వస్తుంది,
మేం కొలిచేది దిగడం.
గాల్లో ఉన్నంతసేపు ఆమె మొహానికి పందొమ్మిదేళ్లు.
పసుపు టేపు దగ్గరపడేసరికి అరవై.

మే నెల పరీక్షకి రాలేదు.
ఫోన్ చేస్తే గాలి, కుక్కలు, ఎవరివో కేకలు.
"మంద కదిలింది," అంది సామీ పిల్ల.
"రెయిన్‌డీర్లకి మీ వారాలు తెలియవు కదా."
వాళ్లు కౌటోకైనో దాటి సముద్రం వైపు నడుస్తున్నారు.
మా వ్యాసంలో అది ఒక వాక్యం అయింది:
ఒకరు చివరిదాకా అందుబాటులో లేరు.
రాసింది నేనే.
రెండు వ్యాయామాల మధ్య తేడా కనబడలేదు.
అదీ నేనే రాశాను.

మరుసటి ఏడు అక్టోబరులో, పిలవకుండానే వచ్చింది.
కోటు నిండా పొగ వాసన.
ఆ కాగితం ఇవ్వండి, నింపుతాను అంది.
మీ ఆటకి మీరు తిరిగి వెళ్లారా?
అవును, కాదు. రెండే గడులు.
రెండూ వదిలేసి చెప్పడం మొదలుపెట్టింది.

పొగమంచులో వాలు దిగుతోందట.
అప్పుడే పుట్టిన దూడ చేతుల్లో.
పై పొర పెళుసు మంచు, కింద ఏమీ లేదు.
ఎడమ కాలు తొడదాకా దిగబడింది,
మోకాలు పక్కకి తిరిగింది.
"ఆ చప్పుడు కోసం ఆగాను.
ఎంతసేపో ఆగాను.
దూడ అరిచింది. అంతే."

ఏడో ప్రశ్న దగ్గర గీత గీసి
ఒక గడిని తనే రెండు చేసింది.
మంచు మీద తొంభై.
గడ్డి మీద, అదే ఎనిమిది.

హాల్వర్‌కి చూపించాను.
గడువు దాటింది, చేర్చలేం అన్నాడు.
సరిగ్గానే అన్నాడు. నేనైనా అదే అంటాను.
ఒక్క మోకాలి కోసం లెక్క వంచితే
మిగతా యాభై తొమ్మిదికీ అబద్ధం చెప్పినట్టు.
కాగితం నా సొరుగులో పెట్టాను.

దీపాలార్పి మెట్లెక్కుతుంటే
రెయిలింగ్ పట్టుకుని ఆగాడు,
బోడిగుండు తడుముకున్నాడు.
"దూడ బతికిందా?"

అడగలేదు అన్నాను.