కారణం గడి

బాదేపల్లిలో మూతబడ్డ జిన్నింగు మిల్లు.
రాత్రి పదకొండున్నర.
ఖాజా ఆటో లైటు బంద్ చేసి
బీడీ ముట్టిచ్చుకుంటడు.
"పొగ నా ఫ్రేములకు రానీయకు" అంట నేను.
మొన్న ముప్పై ఏడో నంబరు ఫోటోలో
దయ్యమనుకున్నది వాని పొగే.

నా సామాను గింతే:
కోఠిల సెకండ్‌హ్యాండు కొన్న కెమెరా,
ఒక కాలు జారే మూడుకాళ్ల స్టాండు,
కరోనప్పుడు బడి గేటు కాడ
పిల్లల నొసళ్ల మీద పెట్టిన తుపాకీ థర్మామీటరు.
ఇప్పుడు దాన్ని గోడల నొసళ్ల మీద పెడుత.
తూర్పు గోడ ముప్పై ఒకటి. తూకం గది ఇరవై తొమ్మిది.
రెండు డిగ్రీలకే వెన్నుల చలి పుట్టాలె
అని నన్ను నేనే బెదిరిచ్చుకుంట.
ఫోను రికార్డింగు పెట్టి
"ఎవలన్న ఉన్నరా" అని అడుగుత.
ఇంటికి పొయ్యి వింటే
నా గొంతు, దానెనుక స్టేషన్ దిక్కు కుక్క.

పగలు నాది ఫోటో స్టూడియో.
పాస్‌పోర్టు సైజు, స్టాంపు సైజు,
దండ వెయ్యనీకి పన్నెండు పదహార్లు.
ఓటరు కార్డు మీది అంగుళం మొఖాన్ని పెద్దగ చేసి
కోటు తొడిగి, వెనుక నీలం మబ్బు పెట్టి
మూసిన రెప్పల మీద వేరేవాళ్ల కండ్లు అతికిస్త.
నా చేతిల ఎంతమంది లేచి కూసున్నరో.
అందుకేనేమో, రాత్రిళ్లు
అతికించనిది ఒక్కటన్న దొరకాలని తిరుగుత.

నూరు పేజీల నోటుబుక్కు.
తేది. టైము. వేడి. కారణం.
కారణం గడి ఎన్నడూ ఖాళీ లేదు.
పురుగు. కెమెరా తాడు. గబ్బిలం.
హైవే మీది లారీ లైటు పగిలిన అద్దంల పడ్డది.
ఖాజా.
చానా మటుకు, దుమ్ము.
ఫ్లాషు కొడితే పత్తి నూగు
తెల్లటి గుండ్రాలై లేస్తది.
పదేండ్ల కింద ఆగిన మిషన్ల మీంచి
ఇంకా లేస్తనే ఉంటది.

నూట పద్నాలుగు.
తూకం కాంటా పక్కన
మనిషెత్తున తెల్లగ, భుజమసోంటిది,
భుజం మీద తువ్వాలసోంటిది.
ఖాజా "యా అల్లా" అన్నడు.
నేను జూమ్ చేసిన. గింజలు గింజలుగ విడిపోయింది.
దుమ్ము, అని రాసిన.
రాసినంక చెయ్యి కొంచెం వణికింది, చలికి కాదు,
ముప్పై డిగ్రీలుండె.

ఖాజా నోరు ఆగుతదా.
తెల్లారేసరికి షట్టర్ ముందట మన్నెమ్మ,
మిల్లుల బేళ్లు మోసిన కుర్మయ్య పెండ్లాం.
"కాంటా కాడ ఎవలో పడ్డరంట గదా,
సూపియ్ బిడ్డా."

చూపిచ్చిన.
చానా సేపు చూసింది.
నేను గొంతు సవరిచ్చుకొని
పత్తి నూగు గురించి, ఫ్లాషు గురించి,
లెన్సు దగ్గరి రేణువు పెద్దగ కనవడుడు గురించి
సదువుకున్నోని లెక్క చెప్పిన.

"దుమ్మే. నాకు తెల్వదా.
ఇరవై రెండేండ్లు అదే పీల్చిండు.
ఆఖరుకు దగ్గితే గుడ్డల తెల్లగ పడేది.
సగం మిల్లు ఆయన రొమ్ముల ఉండె.
ఆయన సగం మిల్లుల ఉండడా?"

ఆమె కాడ ఆయన ఫోటో లేదు.
రేషను కార్డు మీద ఉన్నది
వానకు సిరా కారి నల్లగైంది.
"కండ్లు పెట్టాల్నా" అని అడగబొయ్యి
నాలుక కరుసుకున్న.

ప్రింటు తీసిన.
లామినేషన్ మిషన్ల పెట్టిన.
ఒక మూలకు గాలిబుడగ మిగిలింది.
బట్టతోని రుద్దిన, స్కేలుతోని నెట్టిన,
అటు పొయ్యి ఇటొచ్చింది గని పోలే.
మళ్ల తీస్త, అన్న.

"ఉండనియ్" అన్నది మన్నెమ్మ.
"ఊపిరాడొద్దా."

కొంగు ముడి విప్పి పైసలు తీసింది.
వద్దన్న. వినలే.

ఆ రాత్రి మిల్లుకు పోలే.
నోటుబుక్కుల నూట పద్నాలుగు కాడ
దుమ్ము అన్న మాట కొట్టెయ్యలే.
పక్కన ఉన్నంత జాగల ఇరికిచ్చి రాసిన:
కుర్మయ్య, హమాలి.
ఇరవై రూపాయలు ముట్టినయి.