మున్సిపాలిటీ వారి మల్లెచెట్టు

అందం కోసమే నాటారు,
గుణుపురం బస్టాండు వెనక,
రోడ్డు వెడల్పు చేసిన ఏడాది.
మోకాలెత్తు మొక్క
మూడు వానలకే మా డాబా దాటి
నాలుగో యేట కరెంటు తీగని దారి అడిగింది.

మేం ఆకాశమల్లి అన్నాం.
బడి పంతులమ్మ కుముదిని పాఢీ సీతాహారమంది.
సంతకొచ్చే ఇంజామి గొమాంగో ఏ పేరూ చెప్పలేదు,
కార్తీకం చలిలో చీకటుండగానే వచ్చి
రాలిన పూలు ఒడిలోకి ఏరుకుపోయేది.
"ఆయాసానికి" అంది, ఒకటే మాట.

మా అత్త సన్యాసమ్మకి అప్పటికే
రాత్రంతా గుండెల్లో పిల్లికూతలు.
చేటలో ఎండేసిన పూలు, నాలుగు మిరియాలు,
కషాయం మింగి మొహం ముడుచుకునేది:
"వాసన దేవలోకం, రుచి యమలోకం."
పిల్లలేమో బెండులాంటి బెరడు గిల్లి
సీసాలకి బిరడాలు చెక్కేవారు.

బేగి పెరిగింది బేగి విరుగుద్ది.
ఆశ్వయుజంలో ఒక్క రాత్రి గాలివాన,
తెల్లారేసరికి అప్పడంలా విరిగి రోడ్డుకడ్డంగా.
జేసీబీ వాడు మొద్దు పెకలించబోతే
గునపంతో ముందే కూర్చునుంది ఇంజామి:
"వేరు నాకొగ్గీ. ఊపిరి అందులో ఉంది."

సగం తనకి. సగం మా అత్తకి,
దంచి తేనెలో.

ఇప్పుడు కిటికీ గట్టు మీద
డాక్టరిచ్చిన నీలం పంపు, పక్కనే వేరుముక్క.
ఏది పనిచేసిందని నన్నడక్కండి.
అత్త రెండూ వాడుతుంది,
రెండింటినీ తిడుతుంది.

నిన్న కాలవ పక్క సిమెంటు పగిలింది.
పదకొండు పిలకలు. లెక్కపెట్టాను.
మున్సిపాలిటీకి ఇంకా చెప్పలేదు.